ముసాయిదా నిబంధనలపై మన అభ్యంతరం ఎలా చెప్పాలి? విమానాలు, మందులు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైలట్‌కు వారానికి ఎన్ని గంటల విశ్రాంతి ఉండాలి, పిల్లల దగ్గు సిరప్ తయారయ్యే చోట ఏ పరీక్షలు జరగాలి, సాల్వెంట్ల వాసన మధ్య షిఫ్టంతా నిలబడే కార్మికుడికి ఏ వయసు నుంచి ఉచిత వైద్య పరీక్ష చేయించాలి వంటివి చాలావరకు చట్టసభల్లో తేలవు. నిబంధనల్లో తేలతాయి. ఆ నిబంధనలు ముసాయిదాగా బయటికి వచ్చినప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. పెద్ద కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు, ప్రభుత్వ ప్రకటనలు వెలువడే గెజిట్ చదవడానికే వాటికి మనుషులుంటారు. అపాయాన్ని ఒంటి మీద మోసేవాళ్లకు మాత్రం కబురు అందదు. ఆ లోటు కొంతైనా పూడాలని ఈ ప్రశ్నలు, జవాబులు రాశాను.

ముసాయిదా నిబంధన అంటే ఏమిటి? చట్టం వేరు, నిబంధన వేరా?

వేరే. చట్టాన్ని పార్లమెంటో శాసనసభో చేస్తుంది. అందులో చాలా చోట్ల ‘ప్రభుత్వం నిర్దేశించిన మేరకు’ అని రాసి వదిలేస్తారు. ఆ ఖాళీలను మంత్రిత్వ శాఖలు నిబంధనలతో నింపుతాయి. వాటిని ఖరారు చేసే ముందు బయటపెట్టే ప్రతినే ముసాయిదా అంటారు. మన రోజువారీ బతుకును తాకేది ఎక్కువగా ఆ ఖాళీల్లోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే చట్టం 2020లో వచ్చింది. యజమాని ఉద్యోగులకు ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలని అందులో ఉంది. ఏ వయసు వారికి, ఏ తరగతి వారికి అన్నది నిబంధనలకు వదిలేశారు. కేంద్రం 2020 నవంబరులో పెట్టిన ముసాయిదాలో 45 ఏళ్లు అని ఉంది. 2025 నవంబరు 21న కోడ్‌ను అమల్లోకి తెచ్చినప్పుడు కేంద్రం 40 ఏళ్లు దాటినవారికి అని చెప్పింది. ఇరవై ఏళ్ల వయసులో రసాయనాల పనిలో చేరిన కుర్రాడికి ఈ అంకె ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. దాన్ని తేల్చింది పార్లమెంటులో ఓటింగు కాదు.

అభిప్రాయం అడగడం ప్రభుత్వం దయా, మన హక్కా?

చాలా చట్టాల్లో అది ప్రభుత్వం తప్పక చేయాల్సిన పని. మూల చట్టంలో ‘పూర్వ ప్రచురణ షరతుకు లోబడి’ నిబంధనలు చేయాలని ఉంటే, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 23వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం ముసాయిదాను ప్రచురించాలి, ఫలానా తేదీ తర్వాత పరిశీలనకు తీసుకుంటామని చెప్పాలి, ఆలోగా ఎవరి నుంచి అభ్యంతరమో సలహానో వచ్చినా దాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. ‘ఎవరి నుంచి’ అన్న మాట గుర్తుంచుకోండి. నిపుణులై ఉండాలని, సంఘం పేరు మీదే రావాలని ఎక్కడా లేదు.

మూల చట్టంలో ఆ షరతు లేకపోతే 2014లో కేంద్రం ఆమోదించిన ముందస్తు సంప్రదింపుల విధానం మిగులుతుంది. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని అది చెబుతుంది. అయితే అది విధానం మాత్రమే. పాటించని శాఖను కోర్టుకు ఈడ్చడం కష్టం. 2016లో కాల్ డ్రాప్‌ల కేసులో సుప్రీంకోర్టు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనను కొట్టేస్తూ, నిబంధనలు చేసే ముందు ప్రజలను సంప్రదించడాన్ని తప్పనిసరి చేసే చట్టం తేవాలని పార్లమెంటును కోరింది. నా దృష్టిలో ఈ దేశంలో కార్మిక భద్రత కోసం అడగాల్సిన మొదటి చట్టాల్లో అదొకటి.

గడువు ఎన్నాళ్లుంటుంది?

ఒక్కో శాఖది ఒక్కో లెక్క. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, తన భద్రతా నియమాల ముసాయిదాను 30 రోజులు వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. కార్మిక శాఖ 2025 డిసెంబరు 30న నాలుగు కార్మిక కోడ్‌ల ముసాయిదా నిబంధనలు పెట్టినప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్‌కు 30 రోజులు, మిగతావాటికి 45 రోజులు ఇచ్చింది. ఒక్కోసారి 20 రోజులే ఇస్తారు. గెజిట్ నోటిఫికేషన్ మొదటి పేరాలోనే గడువు, పంపాల్సిన చిరునామా, ఈమెయిల్ ఉంటాయి. గెజిట్ తేదీ నుంచి లెక్కా, గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచా అన్నది కూడా అక్కడే రాస్తారు. ఆ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? పేపర్లో రావు కదా?

కేంద్రానివి ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ‘అసాధారణ’ విభాగంలో, రెండో భాగం, మూడో సెక్షన్ కింద ఉంటాయి. జీఎస్ఆర్ అనే అక్షరాలు, ఒక నంబరు, పక్కన బ్రాకెట్లో ‘ఇ’ అని కనిపిస్తుంది. ఆ నంబరు రాసిపెట్టుకోండి, తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అదే అవసరం. సంబంధిత మంత్రిత్వ శాఖ సైట్‌లో, మందుల విషయమైతే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ సైట్‌లో కూడా పెడతారు. రాష్ట్రాలవి ఆయా ప్రభుత్వాల గెజిట్‌లో, జీఓల పోర్టల్లో వెతకాలి.

ఒక సంఘంలో ఒక్కరు వారానికోసారి అరగంట కూర్చుని చూసినా చాలు. నర్సుల సంఘమైనా, ఫార్మా కార్మికుల యూనియనైనా, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘమైనా ఆ పని ఒకరికి అప్పగించాలి. అందరూ చూస్తారనుకుంటే ఎవరూ చూడరు.

ముసాయిదా ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో రాసి పంపవచ్చా?

పంపవచ్చు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం తన బాధను తీర్చమని కోరే వ్యక్తి కేంద్రంలోని ఏ అధికారికైనా, రాష్ట్రంలోని ఏ అధికారికైనా ఆయా చోట్ల వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చుకోవచ్చు. ఇబ్బందల్లా గడువు దగ్గర పడినప్పుడు అనువాదం చేయించి చదివేవారు అవతల ఉంటారా అన్నదే. అందుకని అసలు ఉత్తరం తెలుగులో రాసి, దానికి నాలుగైదు వాక్యాల ఇంగ్లిషు సారాంశం జతచేయడం మంచిది. ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఆ సారాంశం రాసిపెట్టగలరు.

ముసాయిదాలే తెలుగులో రావాలని అడిగే హక్కు గురించి ఒక ముఖ్యమైన సందర్భం ఉంది. 2020 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. ఆ ముసాయిదాపై అభిప్రాయాలు లక్షల్లో వచ్చాయి. అది ఆ రూపంలో తుది నోటిఫికేషన్ కాలేదు. పార్లమెంటులో గొడవ జరిగినా ఇంత పని అయ్యేది కాదేమో.

పైలట్ల విశ్రాంతి నిబంధనల గురించి అంత గొడవ ఎందుకు జరిగింది?

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఒక నిబంధన ముసాయిదా దాటాక కూడా ఎన్ని చోట్ల ఆగుతుందో దీనంత బాగా చూపే ఉదాహరణ ఇటీవల మరొకటి లేదు.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి, లేచాక పూర్తిగా తేరుకోని స్థితిలో నిర్ణయాలు తీసుకున్నాడని విచారణ తేల్చింది. అలసట మనుషుల ప్రాణం తీస్తుందని చెప్పడానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు.

2024 జనవరిలో డీజీసీఏ పైలట్ల పని గంటల నియమాలను సవరించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు అని ఉన్నదాన్ని 6 గంటల వరకు చేసింది. రాత్రి డ్యూటీలో అంతకుముందు ఆరు ల్యాండింగులకు అవకాశం ఉంటే రెండుకు తగ్గించింది. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు కావాలి. పైలట్లు సరిపోరు, సమయం కావాలని విమానయాన సంస్థలు కోరాయి. మార్చిలో అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాల వ్యాజ్యాలు ఢిల్లీ హైకోర్టులో నడిచాయి. చివరికి కొన్ని నియమాలు 2025 జులై 1 నుంచి, మిగతావి నవంబరు 1 నుంచి అమలయ్యాయి.

తర్వాత ఏమైందో ఆ డిసెంబరులో శంషాబాద్‌లోనో విశాఖలోనో చిక్కుకున్నవారికి బాగా గుర్తుండే ఉంటుంది. ఇండిగో రోజుకు వందల విమానాలను రద్దు చేసింది. కొత్త నియమాలకు తగినట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడం ఇందుకు పెద్ద కారణం. డిసెంబరు 5న డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నియమాల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు ఇచ్చింది. సెలవును వారపు విశ్రాంతి కింద లెక్కకట్టకూడదన్న నియమాన్ని అందరికీ వెనక్కి తీసుకుంది. భద్రత కోసం చేసిన నియమం గట్టిగా నిలబడాల్సిన సమయంలోనే సడలింది. ప్రయాణికులు విమానాలు కావాలని అరిచారు, అది సహజం. ఆ విమానాన్ని నడిపేవాడు నిద్రపోయి వచ్చాడా అని అడగడం కూడా ప్రయాణికుల పనే. ముసాయిదా దశలో ఆ ప్రశ్న పైలట్లు మాత్రమే అడిగితే అది జీతాల గొడవలా కనిపిస్తుంది. ప్రయాణికులు అడిగితే భద్రత గొడవ అవుతుంది.

మాది విమానాశ్రయం దగ్గర ఇల్లు. మాకు సంబంధించిన నిబంధనలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం బీజే మెడికల్ కాలేజీ హాస్టల్ భవనాల మీద కూలి 260 మంది చనిపోయారు. అందులో 19 మంది నేల మీద ఉన్నవాళ్లు. కొద్ది రోజులకే, జూన్ 18న, విమానాశ్రయాల చుట్టూ ఎత్తు పరిమితి దాటిన కట్టడాలను కూల్చే విధానంపై పౌర విమానయాన శాఖ ముసాయిదా నిబంధనలు పెట్టింది. యజమానికి నోటీసు, వివరాలు ఇవ్వడానికి 60 రోజులు, తర్వాత కూల్చాలనో ఎత్తు తగ్గించాలనో ఉత్తర్వు, అప్పీలు అన్నవి అందులో ఉన్నాయి. అభ్యంతరాలకు ఇచ్చింది 20 రోజులే. ఆ ప్రమాదానికి కారణం భవనాల ఎత్తు అని ఎవరూ తేల్చలేదు. అయినా నిబంధన అవసరమైనదే, ఎందుకంటే అక్రమ ఎత్తులు చాలా నగరాల్లో ఉన్నాయి.

మీరు చూసుకోవాల్సినవి: మీ భవనానికి విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఇచ్చిన ఎత్తు అనుమతి పత్రం ఉందా, అందులోని ఎత్తు మట్టం సముద్ర మట్టం నుంచి లెక్కా కాదా, బిల్డరు కట్టింది అంతేనా. ఫ్లాట్ కొన్నవాడికి నోటీసు వచ్చి బిల్డరు తప్పుకోకుండా బాధ్యత ఎవరిదో నిబంధనలోనే రాయాలని అడగడం న్యాయమైన అభ్యంతరం.

మందుల తయారీ నిబంధనలు మామూలు మనిషికి ఎలా అర్థమవుతాయి? మేం ఏం చెప్పగలం?

యంత్రాల గురించి చెప్పక్కర్లేదు. ఆలస్యం గురించి చెప్పవచ్చు.

మందుల కర్మాగారాలు ఎలా ఉండాలో ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం చెబుతుంది. దాన్ని కట్టుదిట్టం చేసే ముసాయిదా 2018 అక్టోబరులో వచ్చింది. తుది నోటిఫికేషన్ 2023 డిసెంబరు చివర్లో వచ్చింది. మధ్యలో అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో, 2022 అక్టోబరులో, గాంబియాలో పిల్లల మరణాలకు సంబంధించి భారత్‌లో తయారైన దగ్గు సిరప్‌లపై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్ వంటి విషపదార్థాలు దొరికాయి. నోటిఫికేషన్ వచ్చాక కూడా 250 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన కంపెనీలకు ఆరు నెలలు, చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఏడాది గడువు ఇచ్చారు. దరఖాస్తు చేసుకున్న చిన్న కంపెనీలకు దాన్ని 2025 చివరి వరకు పొడిగించారు. ఆ పొడిగింపు కాలంలోనే, 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో మళ్లీ దగ్గు సిరప్ తాగిన పిల్లలు 20 మందికి పైగా చనిపోయారు. మళ్లీ అదే డైఇథిలీన్ గ్లైకాల్.

చిన్న కంపెనీలకు ఖర్చు ఇబ్బంది నిజమే. హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటివి ఎన్నో కుటుంబాలకు తిండి పెడుతున్నాయి. కానీ గోదాములు కట్టడానికి గడువు ఇవ్వడం వేరు, సిరప్‌లో కలిపే ద్రావకాన్ని ప్రతి డ్రమ్ము నుంచీ పరీక్షించడానికి గడువు ఇవ్వడం వేరు. రెండోదానికి ఒక్క రోజు కూడా ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అమలు తేదీ మీద అభ్యంతరం రాయడానికి ఫార్మసీ డిగ్రీ అవసరం లేదు.

ఆసుపత్రిలో నర్సులు, ఆయాలు, పారిశుధ్య సిబ్బంది తమ భద్రత గురించి ఏ నిబంధనలు చూడాలి?

2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు. ముసాయిదా 2015లో వచ్చి, ఏడాది లోపే తుది రూపం తీసుకుంది. ఆసుపత్రి యాజమాన్యం సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు, ఆ తర్వాత కనీసం ఏటా ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. చేతి తొడుగులు, మాస్కులు ఇవ్వాలి. సూది గుచ్చుకోవడం లాంటి ప్రమాదాలను నమోదు చేయాలి.

నిబంధనలో ఇంత బాగా ఉన్నా, ఏజెన్సీ ద్వారా వచ్చిన స్వీపరమ్మకు టీకా ఎవరు వేయించాలన్న దగ్గర ఆసుపత్రి ఏజెన్సీ మీదికి, ఏజెన్సీ ఆసుపత్రి మీదికి నెడుతుంటాయి. ఈసారి సవరణ ముసాయిదా వస్తే ‘ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి కూడా ఆసుపత్రిదే బాధ్యత’ అన్న ఒక్క వాక్యాన్ని చేర్చమని అడగండి. రాత్రి షిఫ్టులో ఆసుపత్రి వ్యర్థాల ఎర్ర సంచీ ఎవరు మోస్తున్నారో ఢిల్లీలో రాసేవాళ్లకు కనపడదు, మీకు కనపడుతుంది.

ఒకసారి తుది నోటిఫికేషన్ వచ్చేస్తే ఇక అంతేనా?

కాదు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ డాక్టర్ల వృత్తి ప్రవర్తన నిబంధనలను నోటిఫై చేసింది. బ్రాండు పేర్లు కాకుండా జెనరిక్ పేర్లతోనే, అంటే మందు అసలు పేరుతోనే, రాయాలన్న నియమం మీద భారత వైద్య సంఘం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. మూడు వారాలకే, ఆగస్టు 23న, ఆ నిబంధనలను పక్కన పెట్టారు. బలమైన సంఘం ఉన్నవారికి ఇది సాధ్యమైంది. రోగుల తరఫున మాట్లాడే అలాంటి సంఘం లేదు, అందుకే జెనరిక్‌ల వాదనలో రోగి జేబు మాట వెనకపడింది.

మిగతా దారులూ ఉన్నాయి. కేంద్ర నిబంధనలను పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి. సభలు మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. రెండు సభల్లోనూ దీనికోసం సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలున్నాయి. మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. మూల చట్టాన్ని దాటిన నిబంధనను హైకోర్టులో సవాలు చేయవచ్చు. అయితే ముసాయిదా దశలో నోరు విప్పిన వారి వాదనకు కోర్టులో బరువు ఎక్కువ.

ఫ్యాక్టరీల భద్రత నిబంధనలు చేసేది కేంద్రమా, రాష్ట్రమా?

కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవి. రైల్వేలు, గనులు, ప్రధాన ఓడరేవులు, విమాన రవాణా, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు కేంద్ర నిబంధనలు.  పాశమైలారం, జీడిమెట్ల, అచ్యుతాపురం, పరవాడల్లోని ప్రైవేటు కంపెనీలవారు తమ రాష్ట్ర ప్రభుత్వ ముసాయిదా చూడాలి. చాలామంది ఇక్కడే పొరబడి కేంద్రానికి రాసి ఊరుకుంటారు.

2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కార్మికులు ముఖ్యంగా ఏం గమనించాలి?

అంకెలు గమనించాలి. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటే ఫ్యాక్టరీ. కోడ్‌లో అవి 20, 40 అయ్యాయి. సేఫ్టీ ఆఫీసరు పాత చట్టంలో 1000 మంది ఉన్నచోట తప్పనిసరి. కోడ్‌లో ఫ్యాక్టరీకి 500, ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీకి 250. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు.

భద్రతా కమిటీ సంగతి ఇంకా ముఖ్యం. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేరింది. అలాంటి ఫ్యాక్టరీల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే కమిటీ వేయాలని 41-జి సెక్షన్ చెప్పింది. కార్మికుల సంఖ్యతో దానికి పని లేదు. కోడ్‌లో కమిటీ ఎక్కడ ఉండాలో ప్రభుత్వం ఉత్తర్వుతో నిర్ణయిస్తుంది. 200 మందితో పేలుడు స్వభావం ఉన్న పొడులతో పనిచేసే యూనిట్‌లో కమిటీ ఉంటుందా ఉండదా అన్నది అందులో రాసే అంకె మీద ఆధారపడుతుంది. అలాగే ప్రమాదకర ప్రక్రియల్లో ఉన్నవారికి వయసుతో సంబంధం లేకుండా ఏటా వైద్య పరీక్ష ఉండాలని పాత 41-సి సెక్షన్ చెప్పింది. కొత్త నిబంధనల్లో ఆ రక్షణ ఏ వాక్యంలో నిలిచిందో వెతకండి. కనపడకపోతే అదే మీ అభ్యంతరం.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా పోయారు, కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. పాశమైలారంలో పోయినవారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కూలీలు. లోపల ఆ సమయంలో ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. కాంట్రాక్టు కార్మికులతో సహా షిఫ్టులో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ గేటు బయట నమోదై ఉండాలన్న నిబంధన కావాలని అడగడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

మేం కార్మికులం కాదు, ఫ్యాక్టరీ పక్క ఊరివాళ్లం. మాకు చెప్పుకునే చోటు ఉందా?

తప్పకుండా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. జనం దిక్కు తెలియక పరుగెత్తారు, హెచ్చరించాల్సిన సైరన్ మోగలేదు. చనిపోయినవారు ఊరివాళ్లు.

ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989 నుంచే ఉన్నాయి. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యం తయారు చేయాలని 13వ నిబంధన, బయటి ప్రణాళికను అధికారులు తయారు చేయాలని 14వ నిబంధన చెబుతాయి. ప్రమాదం ఎలాంటిది, జరిగితే ఏం చేయాలి అన్నది చుట్టుపక్కలవారికి ముందే తెలపాలని 15వ నిబంధన ఉంది. మీ పంచాయతీకి ఆ సమాచారం ఎప్పుడైనా అందిందా అని సమాచార హక్కు కింద అడగండి. ఆ జవాబు చేతిలో ఉంటే వచ్చే ముసాయిదా మీద మీరు రాసే అభ్యంతరాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు.

అభ్యంతరం ఎలా రాయాలి? నమూనా ఇవ్వగలరా?

కోపం పూర్తిగా న్యాయమైనదే అయినా, అధికారి వెతికేది నాలుగు విషయాలు: ఏ నోటిఫికేషన్, ఏ నిబంధన, ఏం ఇబ్బంది, దాని బదులు ఏం రాయాలి. ఒక్క పేజీ చాలు.

‘ఫలానా తేదీ, ఫలానా జీఎస్ఆర్ నంబరు ముసాయిదాలోని ఫలానా నిబంధన గురించి. నేను తొమ్మిదేళ్లుగా బల్క్ డ్రగ్ యూనిట్‌లో రియాక్టర్ దగ్గర పనిచేస్తున్నాను. ఈ నిబంధన ప్రకారం భద్రతా కమిటీ ఇంతమంది ఉన్న చోటే తప్పనిసరి. మా యూనిట్‌లో కంపెనీ రోల్ మీద ఉన్నవారు తక్కువ, కాంట్రాక్టువారే ఎక్కువ. కాంట్రాక్టు కార్మికులను ఈ లెక్కలో కలుపుతారో లేదో ముసాయిదా చెప్పలేదు. కలపకపోతే మా లాంటి యూనిట్లన్నీ తప్పించుకుంటాయి. కాబట్టి “కాంట్రాక్టు కార్మికులతో సహా” అన్న మాటలు చేర్చాలి. ప్రమాదకర ప్రక్రియలున్న చోట సంఖ్యతో పని లేకుండా కమిటీ ఉండాలి.’

ఇంతే. సొంత పనిలోంచి వచ్చిన ఒక్క వివరం వంద సంతకాల కంటే బలంగా ఉంటుంది. ఒకే ఉత్తరాన్ని వెయ్యిమంది కాపీ చేసి పంపితే దాన్ని ఒకే అభిప్రాయంగా లెక్కేసే అవకాశం ఉంది. ఒక్కొక్కరు తమ అనుభవం రెండు వాక్యాలైనా చేర్చాలి. ముసాయిదాలో మంచి నియమం ఉంటే దాన్ని సమర్థిస్తూ కూడా రాయండి. వ్యతిరేకించేవారి ఉత్తరాలు మాత్రమే ఫైల్లో ఉంటే ఆ మంచి నియమమే ముందు ఎగిరిపోతుంది.

నేను కాంట్రాక్టు కార్మికుణ్ణి. పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది. ఏం చేయాలి?

మీ భయం సరైనదే. పంపిన ఉత్తరాలు సమాచార హక్కు దరఖాస్తులో బయటికి రావచ్చు. కాబట్టి కంపెనీ పేరు, మీ పేరు లేకుండా యూనియన్ ద్వారానో, పౌర హక్కుల సంఘం ద్వారానో, లేదా ఆ పనితో సంబంధం లేని బంధువు పేరు మీదో పంపండి. పని తీరు గురించిన వివరం ఉంటే చాలు. ఏ యూనిట్ అన్నది నిబంధనకు అవసరం లేదు. ప్రస్తుతం జరుగుతున్న ప్రమాదకర ఉల్లంఘన గురించి అయితే మాత్రం అది వేరే పని, ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు ఫిర్యాదుగా వెళ్లాలి. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలపకండి.

నిజంగా చదువుతారా?

కొన్ని శాఖలు చదువుతాయి, కొన్ని లెక్క రాసుకుని పక్కన పెడతాయి. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రజలను ప్రభావితం చేసే విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను ప్రభుత్వం తనంతట తానే ప్రచురించాలి, నిర్ణయాలకు కారణాలు ప్రభావితమైనవారికి చెప్పాలి. గడువు ముగిసిన రెండు నెలలకు ఒక దరఖాస్తు పెట్టండి: ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఎవరెవరి నుంచి, ఫలానా నిబంధనపై వచ్చిన వాటిని ఏ కారణంతో తోసిపుచ్చారు. రుసుము పది రూపాయలు. జవాబులో పరిశ్రమ సంఘాల పేర్లు మాత్రమే కనపడితే, వచ్చేసారి ఎవరి పేర్లు ఉండాలో మీకే తెలుస్తుంది.

గడువు దాటాక చూశాను. పంపవచ్చా?

పంపండి. తుది నోటిఫికేషన్ రాకపోతే చేర్చుకునే అవకాశం ఉంది, చట్టం ప్రకారం చేర్చుకోవాల్సిన బాధ్యత మాత్రం ఉండదు. షెడ్యూల్ ఎం లాగా కొన్ని ముసాయిదాలు ఏళ్ల తరబడి నలుగుతాయి. గడువు పొడిగించమని కూడా అడగవచ్చు, ముఖ్యంగా ముసాయిదా తెలుగులో అందుబాటులో లేదని చూపిస్తూ.

అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి నర్సు. అక్కడ కూడా ఇలా చెప్పవచ్చా?

చెప్పవచ్చు, అక్కడ ఇంకా తేలిక. 1946 నాటి పరిపాలనా విధాన చట్టం కింద ప్రతిపాదిత నిబంధనలు ఫెడరల్ రిజిస్టర్‌లో వస్తాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నిబంధనలో సంస్థ జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే కోర్టులు కొట్టేయవచ్చు. పనిచేసే చోట వేడి వల్ల వచ్చే జబ్బుల మీద అక్కడి వృత్తి భద్రత సంస్థ 2024 ఆగస్టు చివర్లో ఇలాగే ప్రతిపాదన పెట్టింది. ఒక్క జాగ్రత్త: అక్కడ రాసినవి సాధారణంగా పేరుతో సహా అందరికీ కనపడతాయి. వీసా మీద ఉన్నవారు ఆసుపత్రి పేరు, రోగుల వివరాలు లేకుండా రాయాలి.